కవాటం వారి నాలుగో పేరు

వజ్రదుర్గం తూర్పు ద్వారం మీద సూర్యబింబం, దక్షిణ ద్వారం మీద సింహం, పడమటి ద్వారం మీద పూర్ణకుంభం చెక్కి ఉంటాయి. ఉత్తర ద్వారం మీద మాత్రం ఏ శిల్పమూ లేదు. ఇత్తడి పట్టీలు బిగించిన రెండు టేకు తలుపులు, వాటి వెనుక ఒక ఇనుప గడియ, అంతే. ఆ తలుపులు మూసుకుంటే సందున చీమ దూరదని, దీపపు వెలుగు సైతం గీత కట్టదని దేశమంతా చెప్పుకునేది. తరతరాలుగా ఆ ద్వారాన్ని కాచినది ఒకే ఇంటివారు. వారి ఇంటిపేరే కవాటం.

ఇప్పుడు ఆ ఇంటివాడు ఎవడైనా ఆ తలుపు ముట్టుకుంటే, ముట్టుకున్న చేయి తెగాలని రాజశాసనం.

నిన్న పట్టపుటేనుగు మదమెక్కి, గొలుసు తెంపుకుని, ఉత్తర ద్వారం వైపు ఉరికింది. ద్వారం ఆవల సంత నిండుగా ఉంది. కావలివారు బల్లేలు పారేసి బురుజు ఎక్కారు. సంతలో మోకులు అమ్ముకుంటున్న కవాటం బొప్పన లోపలికి దూకాడు. ఏనుగుకీ తలుపుకీ నడుమ నిలబడి తలుపులు మూసి గడియ బిగించాడు. ఏనుగు తలుపు దాకా వచ్చి, ముసలివాడిని వాసన చూసి, వెనుదిరిగింది. రాజశాసనం వెనుదిరగలేదు. ఈ రోజు పొద్దు కుంకే వేళకు, అదే ద్వారం ఎదుటి మైదానంలో, మణికేతు మహారాజు సమక్షంలో, బొప్పన కుడిచేయి నరకాలి.

ఆయన కొడుకు కాచన ఈ మధ్యాహ్నం కోట లోపల, కొండ కింది శాసన భాండాగారం ఎదుట, భుజాన నూనె కావడితో నిలబడి ఉన్నాడు. తలకు జిడ్డుగుడ్డ, చేతులకు మోచేతి దాకా మసి. పక్కన పగటివేషాల లింగన. ఏటా ఒక దినం తాటాకులకు నిమ్మగడ్డి నూనె రాయడానికి బయటివారిని లోనికి పంపుతారు. ఆ దినం ఈ రోజు కావడం అదృష్టం. అసలు నూనెవాళ్ళు ఇద్దరూ లింగన పోసిన కల్లు తాగి గడ్డివామి కింద నిద్రపోతూ ఉండడం పురుషప్రయత్నం.

"అల్లుడూ, మరొక్కసారి చెప్పు," అన్నాడు లింగన. "మనం వెతికేది ఏమిటి?"

"మా తాత మీద నేరం మోపిన ఆకు."

ఆ నేరం కథ లింగనకూ తెలుసు. అరవై ఏళ్ళ కిందట, రక్తాక్షి నామ సంవత్సరంలో, ఒక రాత్రి పగవారు ఉత్తర ద్వారం గుండా కోటలోకి వచ్చారు. తెల్లవారేలోగా వారిని తరిమికొట్టారు. కాని లోపలి గడియ తీసిందెవరన్న ప్రశ్న మిగిలింది. అప్పటి ప్రధాన లేఖకుడు భాండాగారం నుంచి ఒక తాటాకు తెచ్చి నిండుసభలో చదివాడు. రక్తాక్షి సంవత్సరాన కవాటం కాచన ద్వారం తెరిచి పగవారిని లోనికి విడిచాడని అందులో ఉంది. ఆకు అబద్ధమాడదన్నారు సభవారు. ద్వారం కాచే హక్కు ఊడింది, ఇంటివారు కోట వెలుపలికి పోయారు. తాత పేరు మనవడికి పెట్టడం ఆనవాయితీ గనుక, ఆ ద్రోహి పేరే ఇతడి పేరయింది. ఊళ్ళో పిల్లలు తలుపు కిర్రుమన్నప్పుడల్లా "కాచన వచ్చాడు" అని నవ్వేవారు. ఇతడు ఆ పేరు మార్చుకోలేదు. తనది కాని తప్పుకు తన పేరు వదులుకునేవాడు చివరికి ఏ పేరుతో బతుకుతాడని అతని ప్రశ్న.

"ఆకు నిజమే చెబుతూ ఉంటే?"

"అప్పుడు మా నాన్న చేయి పక్కన నా చేయి కూడా పెడతాను. ముందు చదవనీ, మామా."

భాండాగారానికి తలుపు లేదు. రాతిలో చెక్కిన పెద్ద యాళి ముఖం ఉంది, గుడి స్తంభాల మీది సింహపు మృగం లాంటిది. దాని నోరే వాకిలి. కోరల నడుమ నుంచి నడిచిపోవాలి. అబద్ధం చెప్పినవాడి మీద ఆ దవడ మూసుకుంటుందని ప్రసిద్ధి. కోరల మొదట్లో ఉన్న ఎండిన మరకలు ఆ ప్రసిద్ధికి సాక్ష్యం.

యాళి కన్నులు తెరిచింది. గొంతు బావిలోంచి వచ్చినట్టు పలికింది. "నీవెవరు?"

లింగన ముందుకు వచ్చాడు. "పొద్దున సన్న్యాసిని, మధ్యాహ్నం కొత్వాలుని, సాయంకాలం కొత్త పెళ్ళికూతురిని. చేటెడు బియ్యం పోసినవారి వాకిట వారడిగినవాణ్ణి. ఈ పూటకు నూనెవాణ్ణి."

"అబద్ధమే నీ వృత్తి అని నిజం చెప్పావు. లోపలికి పో." యాళి కన్ను కాచన వైపు తిరిగింది. "నీవెవరు?"

కాచన తలగుడ్డ తీసేశాడు. లింగన లోపలి నుంచి వద్దు వద్దని చేతులు ఊపుతున్నాడు. "కవాటం కాచనను. బొప్పన కొడుకుని, కాచన మనవడిని, బొప్పన మునిమనవడిని."

"ఆపైన?"

తండ్రి, తాత, ముత్తాత. పితృకార్యంలో పిలిచేది ఆ మూడు పేర్లనే. నాలుగో తరంవాడు పిండం దాటిపోతాడు, పేరు గాలిలో కలుస్తుంది. కాచనకు ఆ పేరు ఎవరూ చెప్పలేదు. దవడ ఒక వేలెడు కిందికి దిగింది.

"తెలియదు," అన్నాడు కాచన.

దవడ అక్కడే ఆగింది. "ఈ గుమ్మంలో అందరూ సూర్యుడి దాకా చెబుతారు," అంది యాళి. "తెలియదన్న మాట విని చాలాకాలమైంది. పో, తెలుసుకో."

లోపల కొండ బోలుగా ఉంది. పైకప్పులో అభ్రకం పలకలు పొదిగిన కిటికీల గుండా ఎండ పాలవెలుగై దిగుతోంది. నిమ్మగడ్డి, వస, పాత ఆకు కలగలిసిన వాసన గుడి వాసనలా గంభీరంగా ఉంది. గోడ చుట్టూ, ప్రభవ మొదలు అక్షయ వరకు, ఒక్కొక్క సంవత్సరానికి ఒక్కొక్క గూడు. చక్రం తిరిగి అదే పేరుగల సంవత్సరం మళ్ళీ వచ్చినప్పుడు కొత్త ఆకులను కూడా అదే గూటిలో పెట్టేవారు. గెలిచినవారూ ఓడినవారూ, పుట్టినవారూ పోయినవారూ, ఎర్రగుడ్డ మూటలుగా ఒకరి మీద ఒకరు నిద్రపోతున్నారు.

రక్తాక్షి గూటిలో ఆ ఆకు వెతకనక్కరలేకపోయింది. అన్నిటికన్నా పైన, ఎన్నో చేతులు పట్టిన నునుపుతో, అదే ఉంది. కాచన చదివాడు.

"రక్తాక్షి నామ సంవత్సర మార్గశిర బహుళ నవమి. ఉత్తరపు వాకిట అడ్డమాను ఎత్తి కవాటము కాచన పగవారిని లోనికి విడిచెను."

లింగన ముఖం వాడిపోయింది. "పోనీలే, అల్లుడూ. ఎవరి తాత మాత్రం..."

"మామా, అడ్డమాను అంటే ఏమిటి?"

"తలుపుకు అడ్డంగా వేసే దూలం. ఏనాడూ తలుపు చూడనట్టు అడుగుతావేం?"

"ఉత్తర ద్వారానికి ఉన్నది ఇనుప గడియ. దాన్ని ఎత్తరు, పక్కకు లాగుతారు." కాచన గొంతు స్థిరంగా ఉంది. "ఆ పాత అడ్డమాను ఎక్కడుందో తెలుసా? మా ఇంట్లో. మా ఉయ్యాల దూలం అదే. దానికి కట్టిన ఉయ్యాలలోనే నేను ఊగాను, మా నాన్న అందులోనే ఊగాడు. మా తాతను పురిటినాడు అందులో పడుకోబెట్టి, తలుపు మాను తొట్టి మాను అయిందని పాట కట్టారు. మా ఇంట్లో ఇప్పటికీ అదే జోలపాట. అంటే మా తాత పుట్టేనాటికే ద్వారానికి ఇనుప గడియ వచ్చేసింది."

లింగన వంగి ఆకు మళ్ళీ చూశాడు. "మరి మీ తాత ఏ మాను ఎత్తాడు?"

"ఏదీ ఎత్తలేదు. ఈ ఆకు మా తాత పుట్టకముందుది. ఇది ఆ రక్తాక్షి కాదు, అంతకు ముందు వచ్చిన రక్తాక్షి." కాచన నవ్వాడు. యాళి అడిగిన ప్రశ్నకు జవాబు చేతిలోనే ఉంది. "తాత పేరు మనవడికి. మా తాత కాచన అయితే, మా తాతకు తాత కూడా కాచనే."

"ఒకే పేరు, ఒకే సంవత్సరం. అరవై ఏళ్ళ అవతలి చెప్పు తెచ్చి ఇవతలి కాలికి తొడిగారన్నమాట." లింగన తల గోక్కున్నాడు. "అయినా మీ ఇంటివాడు తలుపు తీసిన మాట మిగిలే ఉందిగా?"

కాచన ఆకు తిప్పాడు. తాటాకుకు రెండు ముఖాలు ఉంటాయి. సభలో చదివింది ఒకటే. వెనుక ఒకే వాక్యం: "పగవారి పతాకము జోడు హంసలు."

జోడు హంసల పతాకం వజ్రదుర్గం బురుజు మీద ఇప్పుడు ఎగురుతున్నదే. నూటఇరవై ఏళ్ళ కిందట ఈ కోటను గెలిచిన ఆదికేతు మహారాజు పతాకం, మణికేతు మహారాజు పతాకం. పాత రాజుల లేఖకుడికి వారే పగవారు. ఓడినవాడు రాసిన వాక్యాన్ని గెలిచినవాడి సభలో సగం చదివితే, ఉపకారం ద్రోహమైంది.

"ఆదికేతు గుర్రంతో గోడ దూకి గెలిచాడని కదా భట్రాజులు పాడతారు," అన్నాడు లింగన నెమ్మదిగా. "తలుపు తీస్తే నడిచి వచ్చాడని రాజు ఎదుట అంటే, చెయ్యి కాదు, తల పోతుంది."

"పోతే నిజం చెప్పి పోతుంది. పద."

అప్పుడే రాతి పగుళ్ళలోంచి పొగ దిగింది. బూడిదరంగు పొగ, వాసన లేదు, వేడి లేదు. పక్క గూటిలోని ఒక కట్ట మీద అది వాలగానే, ఆకుల మీది నల్లని అక్షరాలు చీమల్లా లేచి పొగలోకి పాకిపోయాయి. మిగిలినవి ఉత్త ఆకులు.

"ధూమ్రనాథుడు," అన్నాడు లింగన గుసగుసగా. ఆస్థాన మాంత్రికుడు, ఆనాడు సభలో సగం ఆకు చదివిన ప్రధాన లేఖకుడి మనవడు. యాళి నోట ఏనాడూ అడుగు పెట్టనివాడు. ఎందుకు పెట్టడో ఇప్పుడు అర్థమైంది.

కాచన చేతిలో ఆకు ఉంది, భుజాన నూనె ఉంది. గంటంతో గీసిన అక్షరం ఆకు ఒంట్లో ఉంటుంది. కంటికి కనిపించేది దాని గంట్లలో పూసిన మసి మాత్రమే. ఒక పూట నూనెవాడి వేషం వేసినందుకు ఆ మాట గుర్తుకొచ్చింది. గుడ్డ నూనెలో ముంచి ఆకును రెండువైపులా గట్టిగా తుడిచాడు. మసి అంతా గుడ్డకు దిగింది. ఆకు బోసిపోయింది. పొగ వచ్చి అతని చేతుల చుట్టూ తిరిగింది, ఆకు మీద వాలింది, తినడానికి నలుపు దొరక్క లేచిపోయింది.

పొగ ముద్దకట్టి మనిషైంది. పొడవాటి మనిషి, పట్టుశాలువా, చల్లని కళ్ళు. "కవాటం వారి అబ్బాయి," అన్నాడు ధూమ్రనాథుడు ఆదరంగా. "అంత దూరం వచ్చి ఉత్త ఆకు పట్టుకున్నావా? తీసుకుపో. విసనకర్రకు పనికొస్తుంది." మరుక్షణం మళ్ళీ పొగై బయటికి జారి, యాళి ముఖానికి ఆసరాగా నిలిపిన బండను తోశాడు. గుమ్మం రాళ్ళతో పూడుకుపోయింది.

"వెనుక దారి ఉంది," అన్నాడు కాచన. "ఉత్తర ద్వారపు గదికి సొరంగం. మా నాన్న చెప్పాడు."

"మీ నాన్న చూశాడా?"

"వాళ్ళ నాన్న చెప్పాడు."

"ఇక ఆ పైవాణ్ణి అడగకు," అని లింగన పరుగు అందుకున్నాడు.

సొరంగం నడుమ నేల తెగిపోయి అగాధం వచ్చింది. అడుగున ఎక్కడో నీరు గుర్రుమంటోంది. కాచన కావడిబద్ద అడ్డంగా వేసి, చేతులు చాచి, దాని మీద నడిచిపోయాడు. లింగన ఒడ్డున ఆగిపోయాడు.

"మామా, నీ జీవితంలో దొమ్మరి వేషం వేయలేదా?"

"వేశాను. మూడుసార్లూ కింద పడ్డాను."

"ఈసారి పడనివాడి వేషం వెయ్యి."

లింగన కళ్ళు మూసుకుని, నడుము నిటారు చేసి, ముఖాన చిరునవ్వు పులుముకుని, రాజదర్బారులో ఆడుతున్నవాడిలా దాటాడు. వెనుకనే పొగ బుసకొడుతూ వస్తోంది. మెట్లు ఎక్కి, రాతిపలక తోసి, ఇద్దరూ ఉత్తర ద్వారం ఎదుట తేలారు. ఏనుగు కలతకు శుద్ధి జరగలేదని ద్వారం నిన్నటి నుంచీ మూసే ఉంది. రాజపరివారం దక్షిణ ద్వారం చుట్టి మైదానానికి పోయింది. తలుపుల ఆవల డప్పు మోగుతోంది. పొద్దు కుంకుతోంది.

"ముట్టుకుంటే నీ చెయ్యీ పోతుంది," అన్నాడు లింగన.

"మా నాన్నది ఒంటరిగా పోదుగా."

కాచన రెండు చేతులూ గడియ మీద వేశాడు. జన్మలో ఎన్నడూ తాకని ఇనుము. అయినా ఎక్కడ పట్టాలో, ఎంత లాగాలో చేతులకు తెలిసినట్టే ఉంది. గడియ చప్పుడు లేకుండా జరిగింది. తలుపులు తెరుచుకున్నాయి.

మైదానం అటు తిరిగింది. నడుమ బండ, బండ మీద బొప్పన చేయి, పైన ఎత్తిన కత్తి. అవతల జోడు హంసల పతాకం కింద మణికేతు మహారాజు. బొప్పన కొడుకును చూసి, అతని చేతులను చూసి, మందలించాడు: "ఒక్క పూట ఆగలేకపోయావట్రా?"

"ఆగితే నీ చెయ్యే ఉండదు నాన్నా." కాచన ఆకు రాజు ముందు రెండు చేతులా పట్టుకున్నాడు. "ప్రభూ, మా తాత మీద నేరం చెప్పిన ఆకు ఇది. సభలో దీని ముందు ముఖమే చదివారు. వెనుక ముఖం తమరు చదవాలి."

"ఇందులో ఏముంది?" అన్నాడు రాజు. "ఉత్త ఆకు."

ద్వారం నీడలోంచి ధూమ్రనాథుడు మనిషి రూపంలో నడిచివచ్చి గుమ్మంలో ఆగాడు. ఆరుబయట గాలికి అతని విద్య చెదిరిపోతుంది, గుమ్మం దాటడు. కాని అతని వేళ్ళ చివర పొగ మెదులుతోంది. "మసి పూయి, కాచనా," అన్నాడు నవ్వుతూ. "ప్రభువులు చదవాలి కదా."

పూస్తే ఆ నలుపు కోసం పొగ ఉరుకుతుంది; గాలి దాన్ని చెదరగొట్టేలోగా అక్షరం పోతుంది. పూయకపోతే రాజుకు కనపడదు. లింగన తల పట్టుకున్నాడు. కాచన మాత్రం మసి చేయి నడుముకు తుడుచుకుని, ఆకును రాజు మోకాలి మీద పరిచాడు.

"మసి ఉన్నది చూపు కోసం మాత్రమే ప్రభూ. గంటం గీసింది ఆకులోనే ఉంది. కళ్ళు మూసుకుని వేలితో చదవండి."

రాజు అతని ముఖంలోకి చూశాడు. తరువాత కళ్ళు మూసుకుని చూపుడువేలు ఆకు మీద పెట్టాడు. వేలు నెమ్మదిగా కదిలింది. ప, గ, వా. డప్పువాడి పుల్ల గాలిలో ఆగిపోయింది. చివరి మాట దగ్గర వేలు ఆగింది, వెనక్కి వెళ్ళింది, మళ్ళీ అదే మాట మీదుగా వచ్చింది. రాజు కళ్ళు తెరిచి తల పైకెత్తాడు. పతాకం మీద రెండు హంసలు గాలికి ఆడుతున్నాయి.

"ముందు ముఖం కంఠస్థమే," అన్నాడు రాజు. "ఎవరి పేరో నాకు తెలుసు. ఏ కాచన?"

"నేను కాచనను. బొప్పన కొడుకుని, కాచన మనవడిని, బొప్పన మునిమనవడిని. ఆపైన కాచన. అతడు మా తాతకు తాత, ప్రభూ. ఆ ఆకు అతడిది. ఇనుప గడియకు ముందు అక్కడున్న అడ్డమాను మా ఇంట్లో ఉయ్యాలను మోస్తోంది. వచ్చి చూడండి."

అందరూ రాజు చేతి వంక చూస్తున్నారు. ఆ చేయి కత్తివాడికి సైగ చేస్తుందని.

"మా వంశకర్త ఈ గోడ దూకాడని చిన్నప్పుడు పాట నేర్పారు," అన్నాడు మణికేతు. "పాట అయిపోయాక వచ్చి గోడ కింద నిలబడి పైకి చూశాను. ఏ గుర్రమూ దూకదని ఆనాడే తెలిసింది. అడగడానికి ఎవరూ లేకపోయారు." ఆయన లేచాడు. "కవాటం వారూ, ద్వారం మూయండి. సగం ఆకు చదివినవాడి మనవడు, ధూమ్రనాథుడు బయటికి రాకూడదు."

ఆ పిలుపు విని బొప్పన తలుపుల వైపు తల తిప్పాడు. కత్తివాడు తానే కట్లు కోశాడు. అరవై ఏళ్ళ తరువాత కవాటం వారిని రాజు ఇంటిపేరు పెట్టి పిలిచాడు.

గుమ్మంలో ధూమ్రనాథుడి నవ్వు ఆగిపోయింది. అతడు మెలితిరిగి పొగై, రాతిపలక సందున సొరంగంలోకి జారాడు. ఎక్కడికి పోతున్నాడో కాచనకు క్షణంలో తెలిసిపోయింది. అరవై ఏళ్ళ కిందటి ఆ రాత్రి ఇనుప గడియ నిజంగా లాగినవాడి పేరు, బహుశా ఆ లేఖకుడి పేరే, ఆ గూళ్ళలో ఎక్కడో ఉంది. దాన్ని తినడానికి వాడు గూడు గూడునా అక్షరమన్నది మిగల్చడు. ఒక్క కవాటం వారి తాతే కాదు, దేశంలో అందరి తాతలూ అక్కడే పడుకుని ఉన్నారు.

తండ్రీకొడుకులు చెరొక తలుపు తోశారు. రెండు తలుపుల నడుమ మనిషి పట్టేంత సందు మిగిలినప్పుడు బొప్పన ఆగాడు. "గడియ లోపలి వైపు ఉందిరా."

"అవును నాన్నా."

నిన్న బొప్పన కూడా ఆ వైపే నిలబడ్డాడు. కొడుకు తల మీద ఒకసారి చేయి వేసి తీశాడు.

కాచన సందులోంచి లోపలికి జారాడు. వెనుకనే మరొక మనిషి గొణుక్కుంటూ దూరాడు. "ధైర్యవంతుడి వేషం ఇంకా తీయలేదు," అన్నాడు లింగన. "తీసేలోగా పద, అల్లుడూ."

తలుపులు కలిశాయి. మైదానంలోని వెలుగు సన్నని గీతై, ఆరిపోయింది. చీకటిలో ఇనుప గడియ తన చోట కూర్చున్న చప్పుడు వినిపించింది. సొరంగం అడుగు నుంచి, ఎండిన ఆకుల మీద చీమలు కదిలినట్టు, లక్ష అక్షరాలు ఒక్కసారి లేస్తున్న సవ్వడి వచ్చింది.